కార్తీకం రాకముందే వచ్చిన వెలుగు

పోయిన నెల మా అల్లుడు ఫోన్లో ఒక సందేశం పంపించాడు. వంశధార ఒడ్డున ఒక చిన్న శివాలయంలో ఏటా సూర్యకిరణాలు లింగాన్ని తాకుతాయనీ, ఆ అద్భుతం చూసి విదేశీ శాస్త్రవేత్తలు నోళ్లు వెళ్లబెట్టారనీ, మన పూర్వీకుల ముందు సైన్సు దిగదుడుపేననీ అందులో ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు ఆరు. నాకు ఒళ్లు మండింది. ఆ గుడి నాకు తెలుసు. ఆ వెలుగు పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను. విదేశీయులెవరూ రాలేదు. వచ్చినవాళ్లు మా తొమ్మిదో తరగతి పిల్లలు, అందులో సగం మందికి జలుబు.

ఆ మాటే రాసి పంపాను. వెంటనే ఫోన్ చేసి, ఇంతకీ మీరు నమ్ముతారా నమ్మరా అని అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్సు చెప్పినవాడిని, యూనియన్ మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడినవాడిని, ఆ ప్రశ్నకు నీళ్లు నమిలాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో దేవుడు లేడన్న సంగతి నాకు గురుత్వాకర్షణ కంటే గట్టిగా తెలుసు. గోడల మీద ఎర్ర రంగుతో నినాదాలు రాసేవాణ్ని. అక్షరాలు బాగా వచ్చేవి కాబట్టి ఆ పని ఎప్పుడూ నాకే పడేది. నాకు ముప్పై నిండేసరికి విప్లవం వస్తుందని లెక్కగట్టి, పెళ్లి ఆ తర్వాతే అని అమ్మకు చెప్పేశాను. ఇరవై ఆరో ఏట సర్కారీ బడిలో సైన్సు మాస్టారి ఉద్యోగం వచ్చింది. ఇరవై ఏడో ఏట మేనమామ కూతురితో పెళ్లయింది. విప్లవానికి ఏదో ఆలస్యమైంది.

పెళ్లికి కూడా నేనొక షరతు పెట్టాను. తాళి కడతాను గానీ మంత్రాలు వినను అన్నాను. "సెవుల్లో దూది ఎట్టుకో బావా" అంది పెళ్లికూతురు. అక్కడితో నా షరతు ముగిసింది. నలభై ఏళ్ల కాపురంలో నా సిద్ధాంతాలను ఆవిడ ఒక్కటి కూడా ఖండించలేదు. వాటితో ఎలా సర్దుకుపోవాలో మాత్రం చక్కగా చెబుతుంది.

నా రెండో పోస్టింగు శ్రీముఖలింగానికి కొన్ని మైళ్ల దిగువన, నది ఒడ్డునున్న ఊళ్లో. బడి, గుడి పక్కపక్కనే, మధ్యలో ఒక మట్టిగోడ. వెళ్లిన కొత్తలోనే సాయంత్రాలు బడి ఆవరణలో మూఢనమ్మకాల మీద కార్యక్రమాలు పెట్టేవాణ్ని. వెలుగుతున్న కర్పూరం నోట్లో వేసుకునేవాణ్ని, నిమ్మకాయ కోసి రక్తం కారేలా చేసేవాణ్ని, తర్వాత అందులో గుట్టు విప్పేవాణ్ని. జనం నోరు తెరుచుకుని చూసేవారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది మాత్రం పక్క గుడి అర్చకుడు.

ఆయనకు అప్పటికి యాభై అయిదు దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. కర్పూరం కిటుకు తనకీ నేర్పమని వెంటపడ్డాడు, హారతి ఇచ్చేటప్పుడు వేళ్లు కాలుతున్నాయట. నా పుస్తకాల ప్రకారం ఆయన దోపిడీ వర్గం. ఆ దోపిడీ వర్గానికి ఒక సైకిలు, ఒక ఆవు, రెండు పంచెలు ఉండేవి. నేను వాదన పెట్టుకుందామని గోడ దగ్గరికి వెళితే, ఆయన జామకాయలు కోసి చేతిలో పెట్టేవాడు. తింటూ తిట్టడం కష్టం.

ఆ గుడికి ఒక ఆచారం ఉంది. రోజూ జనం వచ్చేదీ పోయేదీ దక్షిణం వైపు తలుపు గుండా. నదికి ఎదురుగా ఉన్న తూర్పు తలుపు ఏడాదికి ఒక్కసారే తీస్తారు, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున. తీసిన కాసేపటికి సూర్యుడు అవతలి ఒడ్డున పైకొచ్చి, వెలుగు రెండు గుమ్మాలు దాటి లోపలికి వెళ్లి లింగం మీద పడుతుంది. అలా పడితే ఊరికి మంచిది. కానీ అన్ని ఏళ్లూ పడదు. పడని ఏడు ఎవరి తప్పు వల్ల పడలేదో ఊరంతా కూర్చుని తేల్చేవారు. ఒక ఏడు మద్యం దుకాణం, ఒక ఏడు ఎవరో లేచిపోయిన అమ్మాయి. ఒక ఏడు నేను, నా నోట్లో కర్పూరం. ఆ ఏడు నాకు భలే గర్వంగా అనిపించింది.

నేను వెళ్లాక వరసగా నాలుగేళ్లు వెలుగు రాలేదు. నాలుగో ఏడు ఊరి ధర్మకర్త తప్పంతా అర్చకుడి మీద పెట్టాడు. నిష్ఠ లేదన్నాడు, నాస్తికుడి మాయలకి చప్పట్లు కొట్టే చేతులతో అభిషేకం ఏమిటన్నాడు. వచ్చే ఏడు కార్తీక పౌర్ణమికి కూడా వెలుగు రాకపోతే వేరే ఊరి నుంచి ఇంకొకరిని తెచ్చుకుంటామని పదిమందిలో చెప్పేశాడు.

ఈ సంగతి నాకు అర్చకుడే చెప్పాడు, గోడ దగ్గర. ఆ రోజు చేతిలో జామకాయలు లేవు. "మా ఇంట్లో ఏడు తరాలుగా ఇదే పని మాస్టారూ. నాకు ఇంకోటి రాదు" అన్నాడు. ఆ చప్పట్లు నాకోసం కొట్టినవి.

ఆ ఆదివారం శ్రీకాకుళంలో పార్టీ మీటింగుకు వెళ్లి, మా వాళ్లలో పెద్దాయన దగ్గర ఈ విషయం ఎత్తాను. నన్ను ఉద్యమంలోకి తెచ్చింది ఆయనే. ఆయన సంతోషపడ్డాడు. పోనివ్వు, ఈసారీ రాకపోతే గుడి అబద్ధం అందరికీ తెలుస్తుంది, మనం కరపత్రం వేద్దాం, నువ్వే రాయి అన్నాడు. మరి ఆ ముసలాయన సంగతేమిటని అడిగాను. చరిత్ర అలాంటివి చూడదన్నాడు. అంతకుముందు ఏడాదైతే ఆ కరపత్రం నేనే రాసి, ప్రూఫులు కూడా దిద్దేవాణ్ని. ఆ రోజు మాత్రం టీ సగంలో వదిలేసి బస్సెక్కాను. దారి పొడవునా ఆయనతో మనసులో పోట్లాడాను, అన్నీ నేనే గెలిచాను.

ఇంటికి వచ్చాక అర్చకుడి దగ్గర పాత పంచాంగాలు అడిగి తెచ్చాను. వాళ్ల నాన్నగారికి ఒక అలవాటుండేది. ప్రతి కార్తీక పౌర్ణమి పక్కనా పెన్సిలుతో 'వచ్చినది' అనో 'రాలేదు' అనో రాసుకునేవాడు. తర్వాత కొడుకూ అదే చేశాడు. ఎర్ర గుడ్డలో కట్టిన పంచాంగాలు నలభై పైచిలుకు. వెలుగు రావడానికీ అర్చకుడి నిష్ఠకూ సంబంధం లేదని, అదంతా మబ్బుల మహిమేనని రుజువు చేద్దామని నా ఉద్దేశం. నేను తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అన్నీ కాగితం మీద ఎక్కిస్తూ కూర్చున్నాను. మా ఆవిడ చదివి చెబుతోంది. పది పుస్తకాలయ్యేసరికి ఆవిడకు విసుగొచ్చి, తొందరగా తెమిలిపోతుందని తిథులు మానేసి పక్కనున్న ఇంగ్లీషు తేదీలు చదవడం మొదలుపెట్టింది.

ఇంకో నాలుగు పుస్తకాలు కాగానే ఆగింది. "బావా, వచ్చిన ఏళ్లన్నీ నవంబరు మొదటి వారమే కదేటి?" అంది.

చూశాను. నిజమే. పౌర్ణమి నవంబరు మొదటి వారంలో పడిన ఏళ్లలో 'వచ్చినది'. మధ్యలోనో చివరలోనో పడితే 'రాలేదు'. ఎక్కడో ఒకచోట మబ్బు పట్టిన ఏడు తప్ప నలభై ఏళ్లలో ఇంకో తేడా లేదు. పౌర్ణమి చంద్రుడి లెక్క. వెలుగు సూర్యుడిది. పౌర్ణమి ఏటేటా పదకొండు రోజులు ముందుకు జరిగి, అధికమాసం రాగానే వెనక్కి దూకుతుంది. సూర్యుడు మాత్రం ప్రతి ఏడూ అదే వారంలో ఆ తలుపుకి ఎదురుగా లేస్తాడు. లేచి, మూసిన తలుపును చూసి వెళ్లిపోతున్నాడు. తరతరాలుగా వెలుగు ఏటా వస్తూనే ఉంది, ఊరే తలుపు తియ్యలేదు. నేను సైన్సు మాస్టారిని, నాలుగేళ్లు ఆ గోడ పక్కనే పాఠం చెప్పి, సూర్యుడు ఎటు లేస్తున్నాడో ఒక్కసారి తల తిప్పి చూడలేదు. సిగ్గు వేసింది. కానీ ఆ సిగ్గుకంటే ఆనందం ఎక్కువైంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం వంట సంగతి మర్చిపోయి అటుకుల్లో బెల్లం కలుపుకుని తిన్నాం.

ఆ వచ్చే ఏడు అధికమాసం. పౌర్ణమి నవంబరు చివర్లో పడింది. అంటే ఆ రోజు వెలుగు రాదు, అర్చకుడి పని పోవడం ఖాయం. మిగిలిన దారి ఒకటే. తూర్పు తలుపును నవంబరు మొదటి వారంలో తీయించాలి. ఆ వారం కార్తీకం కూడా కాదు, ఆశ్వయుజ బహుళం. దీపావళికే ఇంకా వారం ఉంది.

ముందు నాకు నేను రూఢి చేసుకోవాలి. అక్టోబరులో బడి పిల్లలతో గుడి గుమ్మాల వరుసకు సమాంతరంగా బడి మైదానంలో ఒక తాడు కట్టించి, దాని మొదట్లో ఒక కర్ర పాతాం. రోజూ పొద్దున్నే సూర్యుడు రాగానే కర్ర నీడ ఎక్కడుందో ముగ్గుతో గీత గీసేవాళ్లు. నీడ రోజుకింత తాడు వైపు జరుగుతోంది; అది తాడు మీద పడిన రోజే సూర్యుడు ఆ గుమ్మాలకు ఎదురుగా లేస్తాడు. పిల్లలకు అది పందెంలా తయారైంది, బడికి ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా చీకటితో వచ్చేవాళ్లు. గోడవతల నుంచి అర్చకుడు, "ఇంకెంత దూరం మాస్టారూ?" అని రోజూ అడిగేవాడు.

తలుపు సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆచారం తప్పి తలుపు తీస్తే, వెలుగు రాకపోతే, పౌర్ణమిదాకా కూడా ఆగక్కర్లేదు, ఆ రోజే పంపించేస్తారు. నా లెక్క తప్పితే నేను ఇంకో బడికి బదిలీ అవుతాను, అంతే. ఆయనకు వెళ్లడానికి ఇంకో గుడి లేదు. చివరికి మా నాన్న రాతలు అబద్ధం కావులెండి అని, ధర్మకర్త దగ్గరికి తనే బయల్దేరాడు. నేను వెంట వెళ్లాను.

ధర్మకర్త అంతా విన్నాడు. నా కాగితాలు ముట్టుకోలేదు. "కార్తీకం రాకుండా దేవుడి కాడికి ఎలుతురెలా వస్తాది మాస్టారూ?" అన్నాడు. ఆయన అడిగింది భూగోళం గురించి కాదు. అర్చకుడే కల్పించుకుని, మూడు రోజులు తీస్తాను, రాకపోతే నాలుగో రోజు తాళాలు మీ చేతికిస్తానన్నాడు. ధర్మకర్త సరేనన్నాడు. నాస్తికుడూ అర్చకుడూ ఒకే రోజున వదిలిపోతారని ఆయన లెక్క అనుకుంటాను.

మొదటి రోజు ఊరు సగం వచ్చింది. మబ్బు. ఏమీ కనిపించలేదు. రెండో రోజు తుపాను గాలి, జల్లు. వచ్చిన పాతికమందిలో కొందరు నన్ను చూసి నవ్వారు. అర్చకుడు తడుస్తూనే తలుపు తీశాడు, తడుస్తూనే మూశాడు. ఆ సాయంత్రం ఇంట్లో నేను అన్నం తినలేకపోయాను. నా లెక్క మీద నాకు నమ్మకం ఉంది. మబ్బుల మీద లేదు. మబ్బులు తొలగాలని ఒక ఫిజిక్సు మాస్టారు ఎవరిని అడగాలో పుస్తకాల్లో రాయలేదు. మా ఆవిడ మాత్రం వెళ్లి తులసి కోట దగ్గర ఎవరిని అడగాలో వాళ్లనే అడిగి వచ్చింది.

మూడో రోజు నేను లేచేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆ రోజు జనం దాదాపు లేరు. ధర్మకర్త తాళాల కోసం వచ్చాడు. మా తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందీ వచ్చారు, అన్ని వీధుల వాళ్లూ, ఊరి చివర పేట పిల్లలు కూడా. పౌర్ణమి రోజున ఆ పేటవాళ్లు నది మెట్ల దగ్గరే ఆగిపోతారు, అది అక్కడి వాడుక. నేను దాని మీద అర్జీలు పెట్టాను, ఉపన్యాసాలిచ్చాను, ఏమీ కదల్లేదు. ఆ రోజు మాత్రం పండుగ కాదు. ఆచారంలో లేని రోజు కాబట్టి ఎవరెక్కడ నిలబడాలో ఆచారంలో లేదు. తలుపు తెరుచుకోగానే పిల్లలందరూ ఒకరినొకరు తోసుకుంటూ మంటపంలోకి దూరిపోయారు. ఆపాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేలోపే సూర్యుడు వచ్చాడు.

ముందు బయటి గుమ్మం మీద ఎర్రటి గీత. అది నేల మీదకు దిగి, మంటపం బండల మీద పాకి, లోపలి గుమ్మం ఎక్కింది. పిల్లలు నిశ్శబ్దమైపోయారు. మా బడిలో ఆ నిశ్శబ్దం కోసం నేను నాలుగేళ్లు బెత్తంతో ప్రయత్నించాను. వెలుగు గడప దాటి లోపలికి వెళ్లి లింగం మీద నిండుగా పడింది. నల్లరాయి రాగిరంగుకి మారింది. అర్చకుడు మంత్రం మధ్యలో ఆపేశాడు. మర్చిపోయాడో, అక్కర్లేదనుకున్నాడో తెలియదు. చేతిలో గంట అలాగే పట్టుకుని, పిల్లల్ని పక్కకు జరగమని కూడా అనకుండా, తండ్రి పంచాంగాల్లోని ఒక్కొక్క 'రాలేదు'నూ తలుచుకుంటున్నట్టు ఏడుస్తూ నవ్వుతున్నాడు. నాకూ కళ్లు తడిశాయి. సంతోషం పట్టలేకపోయాను.

ధర్మకర్త చివరిదాకా చూశాడు. వెలుగు వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి, "రేపు కూడా వస్తాదేటి?" అని అడిగాడు. వస్తుందన్నాను. మర్నాడు తన ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మంటపంలో మళ్లీ అవే పిల్లలు, ఈసారి వాళ్ల అమ్మలు కూడా. ముందురోజు పిల్లల్ని రానిచ్చి ఇవాళ తల్లుల్ని ఆపడం ఎలాగో ఆయనకు తోచలేదు. తర్వాత ఎప్పుడూ తోచలేదు. అక్కడినుంచి ఆ ఊరు ఏటా నవంబరు మొదటి వారంలో తూర్పు తలుపు తీస్తోంది. ఏ రోజు తీయాలో బడి పిల్లలు నీడ కొలిచి చెబుతారు.

ఆ తర్వాత నాలో ఏం మారిందో చెప్పాలి. మా పెద్దాయనకు జరిగిందంతా రాశాను. నువ్వు గుడికి ప్రచారకుడివయ్యావని ఒక్క వాక్యం జవాబు రాశాడు. చాలా బాధపడ్డాను. కొన్నేళ్లకు ఆయనే ఎన్నికల్లో నిలబడి, ఓట్ల కోసం అదే గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. అది చూసి బాధ పోయి నవ్వొచ్చింది. పార్టీ సభ్యత్వం వదిలేశాను గానీ ఎర్రజెండా మీద మమకారం వదల్లేదు. సమ్మె అంటే ఇప్పటికీ పెన్షనర్లలో ముందు వరసలో నేనే. మారిందల్లా ఒకటి. జనాన్ని మార్చడమంటే వాళ్ల తలుపు బద్దలుకొట్టడం అనుకునేవాణ్ని. ఆ తలుపు లోపల ఉన్నవాళ్లతో కలిసి తీయాలని ఇప్పుడు అనుకుంటాను. అందుకే ఈ రోజుల్లో రెండు రకాలవాళ్లతోనూ నాకు పడదు. మన పూర్వీకులకు అన్నీ తెలుసనే మా అల్లుడితోనూ పడదు, గుడికి వెళ్లేవాళ్లంతా మూర్ఖులనే నా పాత స్నేహితులతోనూ పడదు. కట్టినవాళ్లకు సూర్యుడు తెలుసు. తర్వాతివాళ్లు మర్చిపోయారు. రెండూ మనుషులు చేసిన పనులే.

ఒక సంగతి దాటేశాను. ఆ ఏడు కార్తీక పౌర్ణమి కూడా వచ్చింది కదా. ఆచారం ఆచారమేనని ఆ రోజూ తలుపు తీశారు. పక్క ఊళ్ల నుంచి ముసలమ్మలు అరటిదొప్పల్లో దీపాలు పట్టుకుని నడిచి వచ్చారు. నవంబరు మొదట్లో వెలుగు వచ్చి వెళ్లిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒకావిడ చూపు సరిగా ఆనదు, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. ఆవిడ నన్నే అడిగింది, ఎలుతురు ఈసారి వస్తాదా బాబూ అని. నాకు తెలుసు. నీడ అప్పటికే తాడు దాటి జానెడు వెళ్లిపోయింది. వెలుగు లోపలి గుమ్మం ఉత్తరపు చెక్క మీద ఆగిపోతుంది. ఆవిడకు ముందు వరసలో చోటిప్పించాను.

సరిగ్గా అక్కడే ఆగిపోయింది. నా లెక్కకు పిసరంత తేడా రాలేదు. జనం అర్చకుడి వైపు చూశారు. ఆయన ఏ బెరుకూ లేకుండా, "స్వామి దగ్గరికి మొన్ననే వచ్చి వెళ్లింది. ఇవాళ మీ దీపాలతో చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. ధర్మకర్త తన దీపం తెచ్చి అందరికంటే ముందు గడప మీద పెట్టాడు, ఆ తర్వాత మనవరాలు చెయ్యి పట్టుకుని ఆ ముసలమ్మ పెట్టింది. అర్చకుడు చనిపోయేదాకా ఆ గుడిలోనే ఉన్నాడు, ఇప్పుడు ఆయన కొడుకు ఉన్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తున్నప్పుడు మా ఆవిడ, "బావా, గుళ్లో నీ పెదాలు కదిలాయి, నాను సూశాను" అంది. నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాను అన్నాను. "కళ్లు మూసుకుని నెక్కెడతారేటి?" అంది. నేను మాట మార్చేశాను. ఇన్నేళ్లలో ఆవిడ మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ ముసలమ్మ కోసం నా లెక్క తప్పాలని కోరుకున్నాను. జానెడు జరుగు తండ్రీ, ఒక్క జానెడు అన్నాను. బయటున్న సూర్యుడితో అన్నానో, లోపలున్న ఆయనతో అన్నానో నాకు నిజంగా తెలియదు.